నాయన ముళ్లు విప్పిన కణం

ఆ రోజుల్లో లెక్చరర్ ఉద్యోగమంటే పెళ్లిసంబంధం లాంటిది. ఖాయమయ్యేదాకా నలుగురిలో చెప్పుకోవడానికి ఉండేది కాదు. ఎనభైల నడుమ నేను నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పే తాత్కాలిక లెక్చరర్ని. తాత్కాలికమంటే పాఠం చెప్పడానికి పనికొస్తాను గానీ స్టాఫ్‌రూంలో కుర్చీకి పనికిరాను (కిటికీ గట్టు మీద కూర్చునేవాణ్ణి, వానొస్తే నిలబడేవాణ్ణి). ఆళ్లగడ్డలో మా నాయన విగ్రహాలు చెక్కేవాడు. రాతిదుమ్ము ఛాతీలో చేరి, దగ్గు ముదిరి, ఆ ఏడు ఉలి పక్కన పెట్టేశాడు. ఇక ఇల్లు నడవాలంటే నా ఉద్యోగం ఖాయం కావాలి. అందుకు తనిఖీకొచ్చే పెద్దసారు ముందు ఒక పాఠం చెప్పి మెప్పించాలి. అది తలుచుకుంటే అన్నం సయించేది కాదు.

ఇంకొకడైతే ఏ కప్పనో బొద్దింకనో పట్టుకుని గట్టెక్కేవాడు. నాకు తెలివి ఎక్కువ. కణం లోపలి అస్థిపంజరమనే కొత్త సంగతి ఎత్తుకున్నాను. మేము చదువుకునేటప్పుడు కణమంటే జావ నింపిన సంచి. అది కాదు, లోపల సన్నటి గొట్టాలూ పోగులూ ఉన్నాయి, కణాన్ని నిలబెట్టేవి అవే. అయితే వాటంతట అవి ఉత్త పుల్లలమోపే. వాటిని ఒకదానికొకటి కలిపే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. అవి కొన్నిచోట్ల పోగుల్ని పక్కపక్కన చేర్చి కట్ట కడతాయి, కొన్నిచోట్ల అడ్డంగా కలిపి వల అల్లుతాయి, ఇంకొన్నిచోట్ల తీసుకెళ్లి పైపొరకు బిగిస్తాయి. ఎట్లా కలిపితే కణం అట్లా నిలుస్తుంది. ఇదీ నా పాఠం. దీనికోసం ల్యాబు మధ్యలో నడుమెత్తు నమూనా లేపాను. గొట్టాలకు వెదురుబొంగులు, పోగులకు జొన్నదంట్లు, వాటిని కలిపే ప్రోటీన్లకు ఎర్రగుడ్డ పీలికలు, పైపొరకు నా పాత పంచె. పీలికలతో ముళ్లు వేసి వేసి వేళ్లు పొక్కులెక్కాయి. తనిఖీ నాటి పొద్దున అటెండరు "మంచి జరగాలప్పా" అని ఒక బొంగుకు కుంకుమబొట్టు పెట్టి, బంతిపువ్వు దోపి, ముందర టెంకాయ కొట్టాడు. (సైన్సు ల్యాబులో ఇదేమిటని అడిగే ధైర్యం ఆ రోజు నాకు లేదు.)

నాయన మొదటి బస్సుకే దిగాడు, అమ్మ కట్టిచ్చిన పెరుగన్నంతో. నేను పెద్దసారును తోలుకురావడానికి పోతూ, "ఈడ కూచో నాయనా, ఎవర్నీ ముట్టుకోనీయొద్దు" అని చెప్పాను. ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. విగ్రహాన్ని లేపడానికీ జరపడానికీ తాళ్లతో బొంగులతో కట్లు కడతారు. పని ముగిసి బొట్టు పెట్టాక దాని మీద ఒక్క ముడి కూడా మిగలకూడదు. మిగిలితే పని అరకొరే. వాటిని విప్పేది ఇంటిపెద్ద. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే, ఆ వేళ మాత్రం నాకు గుర్తు రాలేదు.

పెద్దసారు వచ్చాడు, పక్కన ప్రిన్సిపాల్‌తో ముందువరసలో కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని, ఇంత బలమైన కట్టడం మన ప్రతి కణంలోనూ ఉంది చూడండంటూ పంచె లాగాను. అంతవరకూ ఒకదాని మీద ఒకటి ఒరిగి, పంచె దన్నుతో నిలబడ్డ బొంగులు దబదబా కూలాయి. ఒకటి దొర్లుకుంటూ పోయి పెద్దసారు బూటును తాకింది. రెండు దంట్లు ప్రిన్సిపాల్ ఒళ్లో పడ్డాయి.

"ఏందప్పా ఇది?" అన్నాడు ప్రిన్సిపాల్.

మూలనుంచి నాయన తృప్తిగా లేచాడు. తుండుగుడ్డలో పీలికలన్నీ చక్కగా చుట్టి పెట్టుకున్నాడు. "అన్నీ ఇప్పేసినా నాయనా. నువ్వు మర్సిపోయినట్టుండావ్. బొట్టు పెట్టినంక ముళ్లు ఉంటాయా యాడన్నా?"

"ఇదేనా మీ కణం?" అని అడిగాడు పెద్దసారు.

"అవునండీ. ఇందాకటిదాకా" అన్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బతికిపోయేవాణ్ణేమో. గడియారం చూసుకుని లేచిపోయాడు. అవే బొంగులు, అవే దంట్లు, ముళ్లు పోతే కుప్ప. నా పాఠానికి అంతకన్నా రుజువు ఏముంటుంది? ఆ ఒక్క ముక్క అని ఉంటే చాలు. అది నాకు ఆళ్లగడ్డ బస్సు ఎక్కి కూర్చున్నాక తోచింది. ఉద్యోగం వేరొకాయనకు ఖాయమైంది (ఆయన కప్పను కోశాడు).

బస్సులో నాయన నా ముఖం చూసి చూసి, "పనేమన్నా చెడగొడ్తినా?" అన్నాడు.

"లేదులే నాయనా."

"మరి ఆ ముళ్లు ఏమిటికిరా?"

చెప్పడం మొదలుపెట్టాను. ముందుసీటు కడ్డీలు చూపించి, వేళ్లు పెనవేసి చూపించి, కట్టలూ వలలూ అన్నీ చెప్పాను. నాయన దగ్గుకుంటూ ఊకొట్టాడు.

"మన ఒంట్లో గూడా ఉంటాయా అవి?"

"ఉంటాయి."

"నాకు గూడా?"

"నీకు గూడా నాయనా."

ఛాతీ మీద చెయ్యి పెట్టి తడుముకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కిటికీవైపు తిరిగాను. మరుసటేడు ఆ దగ్గుతోనే నాయన పోయాడు.

ఆ రోజు మాత్రం బస్సు శిరివెళ్ల దాటేసరికి ఆయన నిద్రపోయి తల నా భుజం మీద వాల్చాడు. పాఠం ఇంకా సగం ఉంది. ఉద్యోగం పోయిన ఆ పిచ్చి లెక్చరరు గొంతు తగ్గించాడే గానీ ఆపలేదు. ఆళ్లగడ్డ వచ్చేదాకా చెప్పుకుంటూ పోయాడు, మధ్యలో ఒకసారి "అర్థమైందా?" అని కూడా అడిగాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నాయన నిద్రలోనే "ఊ" అన్నాడు.