పారాయణంలో నా వంతు

ఇంకా మడత ఫోన్‌ల రోజులవి. అమెరికాలో, షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో మా శనివారం పారాయణానికి ఒక పద్ధతి ఉండేది. గుండ్రంగా కూర్చుని తలా ఒక శ్లోకం చదవాలి. నాకు చూపు పోయాక, నా వంతు వచ్చేసరికి పుస్తకం మెల్లగా పక్కావిడ ఒళ్లోకి వెళ్లిపోయేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ బాధపెట్టేది.

అందుకే బ్రెయిలీ నేర్చుకున్నాను. నాకు ఇచ్చిన యంత్రం చిన్న పలకలా ఉండేది. అందులో వరసగా చుక్కలు లేచి, వేలి కింద రవ్వ పలుకుల్లా తగిలేవి. వరస చదివి మీట నొక్కితే అవి పడిపోయి, కొత్తవి లేచేవి. మా అమ్మాయి శ్లోకాలన్నీ అందులోకి ఎక్కించింది. చిక్కల్లా నా వేళ్లతోనే. ఒకప్పుడు మరిగే నూనెలో కాలిన కుడి చూపుడువేలు మొద్దుబారిపోయింది. ఎడమవేలు ఇట్టే చదివేది. కానీ శ్లోకాన్ని ఎడమచేత్తో తాకడమా? చిన్నప్పుడు పుస్తకాన్ని ఆ చేత్తో అందుకుంటే మా నాన్న వెనక్కి పెట్టించి, మళ్లీ తీయించేవారు.

“అమ్మా, లెఫ్ట్ హ్యాండ్ యూజ్ చెయ్. దేవుడు ఏం మైండ్ చెయ్యడు,” అనేది మా అమ్మాయి.

“నీకు ఫోన్ చేసి చెప్పాడా?” అనేదాన్ని.

ఒక శనివారం ఒళ్లో పలక పెట్టుకుని, నా వంతు నేనే చదువుతానన్నాను. కుడివేలితో మొదలుపెట్టాను. ఒక పాదం కూడా దాటలేదు. తడుముకున్నాను, మళ్లీ మొదటికొచ్చాను. చివరికి పక్కావిడ జాలిపడి మిగతాది చదివేసింది.

కూతురి దగ్గర ఆర్నెల్లు ఉండడానికి రాజమండ్రి నుంచి వచ్చిన మామ్మగారొకరు అడిగారు.

“ఆ రెండో చెయ్యి కొంగులో దాచావేమే అమ్మాయ్?”

కారణం చెప్పాను.

“బానే ఉంది! ఒంటిచేత్తో దణ్ణం పెడతావా? హారతి కళ్లకద్దుకునేప్పుడు ఎడంచేతిని వంటింట్లో వదిలొస్తావా?”

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

“ఆ శ్లోకం ఇంకా నీదే. చదువు, మేం ఆగుతాం,” అన్నారావిడ.

ఆవిడ నోట స్వామే పలికాడని ఇప్పటికీ నమ్ముతాను. రెండు చేతులూ పలక మీద ఉంచాను. ఎడమవేలు చదువుతుంటే కుడివేలు దాని వెంట నడిచింది. నెమ్మదిగానే అయినా, శ్లోకం చివరిదాకా వెళ్లాను.

మెచ్చుకుంటారేమో అనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. పక్కావిడ గొంతు సవరించుకుని, ఎప్పటిలాగే తన శ్లోకం అందుకుంది.