బావి పక్క హద్దురాయి

1955 వేసవిలో నన్ను నంద్యాల సర్వే ఆఫీసు నుంచి ఆళ్లగడ్డ తాలూకా పనికి పంపారు. చాగలమర్రి దారిలో ఉన్న ప్రభుత్వ బంజరును కొలిచి, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలకు ఇళ్ల స్థలాలుగా విడగొట్టాలి. రాష్ట్రం కొత్తది, రాజధాని కర్నూలు కొత్తది, నా ఉద్యోగమూ కొత్తదే. ఆ నేల మీద మొదట గొలుసు లాగిన సర్వేయరును నేనేనని చాలామందికి చెప్పాను. నాకంటే ముందు ఇద్దరు లాగి, ఎండకు తాళలేక బదిలీ చేయించుకున్నారు.

సర్వే అంటే గొలుసు లాగడమే అనుకుంటారు. అది సగం పనే. స్థలం మూలన హద్దురాయి నాటేటప్పుడు ఇరుపక్కల వాళ్లూ వచ్చి, దాని మీద చేతులు వేసి గుంతలోకి దించాలి. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు, ఆ పక్క ఊళ్ల అలవాటు. చెయ్యి వేసినవాడు రేపు రాయి జరిగిందని తగాదా పెట్టలేడు. వెయ్యనన్నాడంటే నేను పని ఆపి, అభ్యంతరం రాసి నంద్యాలకు పంపాలి. అలా వెళ్లిన కాగితం తిరిగి రావడం చూసినవాళ్లు తక్కువ.

స్థలాలను తహసీల్దారు ఎదుట చీటీలు వేసి పంచారు. కాలనీ అంతటికీ తవ్విన ఒకే ఒక్క మంచినీళ్ల బావి పక్క స్థలం ఓబులేసుకు వచ్చింది. ఆయన హరిజనవాడలో పుట్టి, బర్మా యుద్ధంలో హవల్దారుగా పనిచేసి వచ్చినవాడు. దాన్ని ఆనుకున్న స్థలం సుబ్బారెడ్డికి వచ్చింది. ఈయన అదే దళంలో ఓబులేసు కింద సిపాయి; స్థలాలు వచ్చిన తక్కినవాళ్లూ దాదాపు అంతా ఆ దళం వాళ్లే. వాళ్లిద్దరికీ పేచీ లేదు. పేచీ సుబ్బారెడ్డి తండ్రి చిన్నపరెడ్డిది. ఓబులేసు బావి పక్క స్థలం వదిలి, చివరన వంక ఒడ్డుకు పోవాలని ఆయన పట్టు; అప్పటిదాకా కొడుకును రాయి మీద చెయ్యి వెయ్యనివ్వనన్నాడు. వంక పొంగితే అక్కడ మట్టిగోడ నిలవదు.

రాళ్లు నాటే రోజు వెయ్యిమంది పోగయ్యారు. సరే, యాభైమంది ఉంటారేమో. మిగతా లోటు చిన్నపరెడ్డి గొంతు తీర్చింది.

"ఏందప్పా సర్వేయరూ, నీళ్లకు పోయినప్పుడల్లా నా కోడలు వాని గడప ముందర నిలబడల్లనా? వాన్ని వంక కాడికి జరిపితే నీ గొలుసేమన్నా అరుగుతాదా?"

నేను గొలుసు నేలకేసి కొట్టి, "ఈ రాయి కదిలిందంటే నా ఉద్యోగం కదిలినట్టే" అని గర్జించాను. ఇంట్లో మనవళ్లకు ఇన్నాళ్లూ ఇలాగే చెప్పాను. నిజానికి అభ్యంతరం రాసుకోవడానికి పెన్సిలు తీశాను. గొంతు ఎండిపోయి, కాసిన్ని మంచినీళ్లు ఇప్పించమని అడిగాను. ఆ రోజు నేను చేసిన గర్జన అదొక్కటే.

ఓబులేసు బావిలో బొక్కెన వేశాడు. చెంబు నింపి నాకు అందించబోతే చిన్నపరెడ్డి కర్ర అడ్డం పెట్టాడు. "ఆ నీళ్లు ముట్టొద్దు సారూ." నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఓబులేసు చెంబు బావిగట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి, "ఫాలిన్" అన్నాడు. అరవలేదు కూడా. వరుస కట్టమని పటాలంలో ఇచ్చే ఆజ్ఞ అది. ఏమని చెప్పను! బీడీ కాలుస్తున్నవాడు బీడీ పారేశాడు. తలగుడ్డ చుట్టుకుంటున్నవాడు సగంలో వదిలేశాడు. రెడ్లు, బోయలు, ఇద్దరు సాయిబులు, పాత సిపాయిలందరూ ఒక్క గీతలో నిలబడ్డారు. నా గొలుసుతో కూడా అంత తిన్నని గీత ఎన్నడూ రాలేదు. నడుమ సుబ్బారెడ్డి, చేతులు తొడలకు అంటించి, ఎదురుగా చూస్తూ. యుద్ధం ముగిసి పదేళ్లయినా వాళ్ల కాళ్లకు ఆ మాట గుర్తుంది.

"బర్మాలో నా బుడ్డీలో నీళ్లు తాగినోడు ఒక అడుగు ముందరికి రా."

చిన్నపరెడ్డి తన కొడుకు మొహంలోకి చూస్తున్నాడు. సుబ్బారెడ్డి ఎవరినీ చూడకుండా అడుగు వేశాడు. ఆ వెనకే తక్కినవాళ్లూ వేశారు, ఒక్కడు తప్ప. అతను యుద్ధమంతా పూనాలో వంట చేశాడట.

"నిజమేనారా?" అన్నాడు తండ్రి.

"నిజమే నాయనా. దప్పికతో చస్తాంటే ఆయప్ప తాపినాడు. లేకుంటే నీకు ఈ పొద్దు కొడుకు లేడు."

"పదేండ్లుగా చెప్పకపోతివే."

"నువ్వు అడగకపోతివి."

పెద్దాయన కర్ర దించాడు. "కానీప్పా, రాయి నాటు. ఎండెక్కుతాంది" అని నాతో అని, దూరంగా వెళ్లి నిలబడ్డాడు. ఓబులేసూ సుబ్బారెడ్డీ రాయి మీద చేతులు వేసి గుంతలోకి దించారు. నేను గట్టు మీది చెంబు అందుకుని గటగటా తాగేశాను. అది ధైర్యమనుకునేరు, దప్పిక.

చిన్నపరెడ్డి మారిపోయాడని రాస్తే ఈ జ్ఞాపకానికి అందంగా ఉంటుంది. మారలేదు. మరుసటి ఏడు తనిఖీకి వెళ్లినప్పుడు ఆయన కొడుకింటి అరుగు మీద, సొంతూరి నుంచి బండిలో తెచ్చుకున్న నీళ్లబిందె పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆ బిందె అడుగంటగానే బండి కట్టించుకుని వెళ్లిపోతాడట. కోడలు మాత్రం నిండు కడవ చంకన పెట్టుకుని, ఓబులేసు గడప దగ్గర ఆయన భార్యతో కబుర్లలో ఉంది.

ఆ తర్వాత నా సర్వీసులో ఏ ఊరికి వెళ్లినా మొదట పట్టా అడగలేదు, మంచినీళ్లు అడిగాను. ఎవరు తెస్తారో, ఎవరు అడ్డుపడతారో చూస్తే ఆ ఊళ్లో తగాదా ఎక్కడుందో తెలిసిపోయేది. గొలుసు ఆ తర్వాతే విప్పేవాణ్ని.