వెయ్యి కడ్డీలకొకసారి

ఊదుబత్తి వాసనంటే నాకు అసహ్యం. పెళ్ళికి పిలిచినా, దర్గాకు పోయినా, బత్తి వెలిగించిన మూలకు దూరంగా నిలబడతాను. మావాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. తొంభై ఏడులో బెంగుళూరు పక్క హెబ్బగోడిలోని మా వఠారంలో ఆ వాసన కింద ఏం దాచిపెట్టారో వాళ్ళు చూడలేదు, నేను చూశాను.

వఠారమంటే వరసగా ఆరు గదులు, చివర ఒక కొళాయి, అందరికీ కలిపి రెండు మరుగుదొడ్లు. మాది నాలుగో గది, అయిదో గదిలో గంగమ్మ కాపురం. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. పొద్దున్నుంచి గడపలో పీట వేసుకొని ఊదుబత్తులు చుట్టేది. వెదురు కడ్డీకి నల్లటి మసాలా పిండి అద్ది, అరచేత్తో ఒక్క తోపు తోస్తే బత్తి తయారు. వెయ్యి కాగానే కట్టగట్టి పక్కన పెట్టేది. ఆమెకు గడియారంతో పని లేదు. వెయ్యి కడ్డీలంటే రెండు గంటలు.

ఆమె మొగుడు తిరుపాలు బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో మెషీన్ మీద పని చేసేవాడు. పొద్దున ఆరింటికి పోతే, ఓటీ కూడా చేసుకొని ఏడింటికి వచ్చేవాడు. మామ సొన్నప్ప గోడలు కట్టే మేస్త్రీ. మడకశిర నుంచి వచ్చి, ఈ చుట్టుపక్కల సగం కాంపౌండు గోడలు తన చేతివేనని చెప్పుకునేవాడు. ఆ ఏడు ఉగాది అయిన వారానికి పక్షవాతం కొట్టి కుడి పక్క మొత్తం పడిపోయింది. మాటా పోయింది. "వద్దు", "ఊ", ఆ రెండే మిగిలాయి.

నేను అప్పట్లో హోసూరు రోడ్డు మీద ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆయాను. రోగుల ఒంటికీ రెంటికీ ఎత్తిపోయడం నాకు అన్నం తిన్నంత మామూలు. అలాంటి నేను, వానాకాలంలో ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి తాళం తియ్యబోయి రెండడుగులు వెనక్కి వేశాను. అయిదో గదిలోంచి గుప్పున బత్తుల పొగ. ఆ పొగ కింద ఇంకో వాసన. ఎలుక చచ్చిందేమో అనుకోవడానికి కూడా లేదు, అది నాకు బాగా తెలిసిన కుళ్ళు.

"పట్టపగలు ఏంటికే ఇన్ని బత్తులు ముట్టించినావు?" అని అడిగాను.

"వాసనొస్తాదని అందరూ అంటాండారక్కా. హనుమక్కత్త ముట్టియ్యమనింది," అంది గంగమ్మ తల ఎత్తకుండా.

పైన పటారం, లోన లొటారం! ఆమెను దాటుకొని లోపలికి పోయి దుప్పటి తీశాను.

యా అల్లా. సొన్నప్పను కొంచెం పక్కకు ఒరిగించి చూస్తే ముడ్డిపూస దగ్గర గుంట, నా పిడికిలి పట్టేంత. చుట్టూ చర్మం ఊదారంగుకు తిరిగింది. మధ్యలో నల్లగా, చెప్పు తోలులా గట్టిపడిన పెచ్చు. దాని అంచుల్లోంచి పసుపచ్చటి చీము నీళ్ళు. గుంట నిండా పసుపూ కాఫీపొడీ కూరి ఉన్నాయి. పంచె దానికి అతుక్కుపోయింది. లాగితే చప్పుడైంది. ఛీ, ఆ చప్పుడు తలచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. కింద గాలి నింపిన స్కూటర్ ట్యూబొకటి. తిరుపాలు తెలివి అది! పుండుకు పరుపు ఒత్తుకోకూడదని పెట్టాడట. అది చుట్టూ కండను బిగబట్టి, నెత్తురు ఆడకుండా చేసి, పుండు చుట్టూ ఎర్రటి చక్రం వేసి పెట్టింది. సొన్నప్ప కళ్ళు గట్టిగా మూసుకొని ఉన్నాడు. కంటి కొసల్లో తడి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్ల ఉండాది?"

"నాకు తెల్దక్కా. నేను చూల్లేదు."

"ఇంట్లో ఉండి చూల్లేదా?"

"మామను నేను ముట్టుకోకూడదు కదక్కా."

వాళ్ళలో కట్టుబాటు అది. కోడలు మామ ఎదుట కూర్చోదు, మామ మంచం తాకదు, ఒళ్ళు అసలే తాకదు. చెంచాతో గంజి పోయొచ్చట. పొద్దున తిరుపాలు తండ్రిని తుడిచి వెల్లకిలా పడుకోబెట్టి పోతే, మళ్ళీ ఏడింటికి వచ్చాకే కదిలించడం. పదమూడు గంటలు ఒకే వీపు మీద! ఈ కట్టుబాటుకు కాపలాదారు హనుమక్క, సొన్నప్పకు అక్క. అత్తిబెలె నుంచి ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, గడప అవతలి నుంచే వైద్యం చెప్పి, కోడికూర తిని పోయేది. ఆ పసుపూ కాఫీపొడీ ఆమె వైద్యమే. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా?

సాయంత్రం తిరుపాలు వచ్చేదాకా వాకిట్లోనే కూర్చున్నాను. చెప్పులు విడవకముందే పట్టుకున్నాను.

"ఏమప్పా, నాయన బతికుండంగానే కుళ్ళబెడ్తాండావా?"

"ఏం చేసేదక్కా? నేను డ్యూటీ మానుకుంటే తినేదేంది? ఆమేమో ముట్టుకోకూడదు. మా వాళ్ళల్లో లేదు."

"పురుగులు పడేది మాత్రం మీ వాళ్ళల్లో ఉండాదా?"

మరునాడు మా నర్సింగ్ హోమ్ డాక్టరును బతిమాలి తీసుకొచ్చాను. ఆ గదిలో ముక్కు మూసుకోకుండా కూర్చున్న మొగవాడు ఆయనొక్కడే. నల్ల పెచ్చును కత్తిరించి తీసేశాడు, గుంట శుభ్రం చేశాడు, ట్యూబును వాకిట్లోకి విసిరేశాడు.

"ఇంకొంచెం లోతుకు పోతే ఎముకే. ఎముక చెడిందంటే మనిషి దక్కడు," అన్నాడు. "మందుల కంటే ముందు పక్క మార్చడం. పగలూ రాత్రీ రెండు గంటలకొకసారి. తిప్పే మనిషి లేకపోతే నేను రాసిచ్చే చీటీ కూడా దండగ."

తిప్పేదెవరు? నేను పగలంతా డ్యూటీలో. రాత్రిళ్ళు అలారం పెట్టుకొని తాను తిప్పుతానన్నాడు తిరుపాలు. పగటి మాట వచ్చేసరికి గోడ కేసి చూశాడు.

"పగలు నేను తిప్పుతా," అంది గంగమ్మ గడపలోంచి.

మరునాడు నాకు వారపు సెలవు. నేర్పిద్దామని కూర్చున్నాను. ఆమె సబ్బుతో మోచేతుల దాకా మసాలా నలుపు కడుక్కొని వచ్చి మంచం పక్కన నిలబడింది. సొన్నప్ప చూశాడు. బాగున్న ఎడమ చేత్తో ఆమెను తోసేశాడు. "వద్దు, వద్దు," అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కుళ్ళిపోతూ కూడా మనిషికి ఇంత సిగ్గు నేర్పిన వాళ్ళ నోట్లో మన్ను పడ!

గంగమ్మ మాత్రం కదల్లేదు. నాకు తెలియని సంగతి ఒకటి అప్పుడు బయటపడింది. పెళ్ళికి ముందు ఆమె సొన్నప్ప చేతికింద కూలి. మూడేండ్లు సిమెంటు మాలు మోసింది. ఆ పనితనం చూసే కొడుక్కు చేసుకున్నాడు. ఆ మూడు ముళ్ళు పడిన గడియ నుంచే ముట్టుకోకూడని మనిషైపోయింది.

"మామా," అంది, నేను ఎన్నడూ వినని గట్టి గొంతుతో. "మూడేండ్లు నా నెత్తిమీదికి తట్ట ఎత్తింది నువ్వే కదా? అప్పుడు చెయ్యి తగిలితే పోని మర్యాద ఇప్పుడేంటికి పోతాది? ఎత్తే వంతు ఇప్పుడు నాది. సుమ్నే గమ్మున పండుకో."

సొన్నప్ప ఎడమ చెయ్యి తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. "ఊ," అన్నాడు.

పాత నూలు చీరను మడిచి నడుము కింద పరిచాం. దాని కొస పట్టుకొని లాగితే ఒళ్ళు ఒరుసుకోకుండా తిరుగుతుంది. వీపు వెనక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద ఇంకొకటి. ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్ళతో పుండు కడిగి, డాక్టరు ఇచ్చిన గుడ్డ పరచడం. తడిస్తే వెంటనే పక్కబట్ట మార్చడం. గంజి మానిపించి గుడ్డు, పప్పు, రాగి అంబలి. ఎర్రబడిన చోట స్పిరిట్ రాసి రుద్దమని నేను చెప్పబోతే డాక్టరు ముందురోజే నన్నూ తిట్టాడు, రుద్దితే లోపలి కండ ఇంకా చెడుతుందట. ఇన్నేళ్ళూ ఎందరిని రుద్దానో తలచుకొని నా చేతుల మీద నాకే రోత పుట్టింది.

వెయ్యి కడ్డీలకొకసారి గంగమ్మ లేచేది. చేతులు కడుక్కొనేది, మామను తిప్పేది, మళ్ళీ పీట మీద కూర్చునేది.

ఆదివారం హనుమక్క దిగింది. గడపలో నుంచి చూస్తే, కోడలి చెయ్యి మామ తుంటి మీద ఉంది. ఇంకేముంది!

"ఓయమ్మో, ఇదేం పాడు బుద్దే! సిగ్గూ శరం ఉండాదా నీకు? ఒరే తిరుపాలూ, నీ పెండ్లాం ఏం చేస్తాందో చూసినావా? మడకశిరలో తెలిస్తే మన ఇంటి నీళ్ళు తాగుతారా ఎవరైనా?"

అంతసేపూ ముక్కు మీది కొంగు తియ్యలేదు మహాతల్లి. తమ్ముడి పుండు వైపు ఒక్కసారి చూడలేదు. ఆ పూట కోడికూర తినకుండా పోయింది. అదొక్కటే ఆ రోజు జరిగిన మంచి.

కానీ తిరుపాలు, ఆ వెన్నెముక లేని మనిషి, పెద్దావిడ బస్సెక్కగానే పెళ్ళాంతో "పగలు ముట్టుకోవద్దులే" అన్నాడు. సోమవారం, మంగళవారం, బుధవారం. వెల్లకిలా పడుకోబెట్టి పోయాడు. బుధవారం సాయంత్రానికి మళ్ళీ ఆ వాసన. అతని ముఖాన ఉమ్మేద్దామన్నంత మంట నాకు.

గురువారం కరెంటు కోతని ఫ్యాక్టరీకి సెలవిచ్చారు. తిరుపాలు ఇంట్లో ఉన్నాడు. గంగమ్మ మామ మంచం పక్కనే నేల మీద చాప పరిచింది.

"పండుకో," అంది మొగుడితో.

"ఏంటికి?"

"వెల్లకిలా పండుకో. నేను వెయ్యి చుట్టేదాకా కదలొద్దు. చెయ్యి గూడా ఎత్తొద్దు. నువ్వు ఉండగలిగితే నేను మీ నాయన్ను జన్మలో ముట్టుకోను."

నవ్వుతూ పడుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆమె పైకే లెక్క పెడుతూ చుట్టసాగింది. వంద దాటగానే అతని నవ్వు పోయింది. ముక్కు మీద ఈగ వాలితే తల విదిలించాడు. రెండొందలకు మడమలు రాపాడించడం మొదలుపెట్టాడు. నడుము సలుపుతోందన్నాడు. మూడొందల పన్నెండు దగ్గర అమ్మా అంటూ పక్కకు తిరిగిపోయాడు.

"కదిలినావు," అంది గంగమ్మ. "మీ నాయన తిరగలేడు. అంతే తేడా."

మంచం మీద నుంచి ఏదో చప్పుడు. సొన్నప్ప నవ్వుతున్నాడు, సగం మూతితోనే. తిరుపాలు తండ్రి ముఖం చూశాడు, లేచి కూర్చొని మోకాళ్ళలో తల పెట్టుకొని ఏడ్చాడు. ఆ రోజు నుంచి ముట్టుకోవద్దన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు. హనుమక్క రాక తగ్గింది. వచ్చినా ఎవరూ ఆమె వైద్యం అడగలేదు.

పుండు మానడానికి ఏడు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు జ్వరం వచ్చి భయపెట్టింది, డాక్టరు మళ్ళీ వచ్చాడు. మెల్లగా అడుగు నుంచి ఎర్రటి కండ పుట్టుకొచ్చి గుంట పూడింది. పైన పల్చటి కొత్త చర్మం కప్పింది. గంగమ్మ బత్తులు వెలిగించడం మానేసింది. అయిదో గది నుంచి రాగి అంబలి వాసన మాత్రమే వచ్చేది.

ఆ తర్వాత దాదాపు నాలుగేళ్ళు బతికాడు సొన్నప్ప. రెండువేల ఒకటి చలికాలంలో నెమ్ము చేసి, మూడు రోజుల్లో పోయాడు. చుట్టాలంతా దిగారు, అన్నేళ్ళు ఎక్కడ చచ్చారో! స్నానం మొగవాళ్ళు చేయించాలన్నారు. కోడలు ఉండకూడదని గంగమ్మను వాకిట్లోకి పంపేశారు. ఆమె ఆ పాత నూలు చీర తెచ్చి, కింద పరచమని ఇచ్చి, నా పక్కన వచ్చి కూర్చుంది.

స్నానం అయ్యాక వెల్లకిలా పడుకోబెట్టారు. తల దగ్గర పెద్ద బత్తుల కట్ట ముట్టించారు. హనుమక్క అందరికీ వినపడేలా చెబుతోంది: "నాలుగేండ్లకు పైన మంచంలో ఉన్నా వీపు మీద ఒక గాయం లేదు చూడండప్పా. నా తమ్ముడు పుణ్యాత్ముడు. దేవుడే కాపాడినాడు."

దేవుడట! నోటిదాకా వచ్చింది బూతు. శవం ఉన్న ఇల్లని మింగేశాను.

మడకశిర నుంచి రావలసినవాళ్ళ కోసం కూర్చున్నాం. చాలాసేపైంది. గంగమ్మ చూపు నేల మీదే ఉంది. ఒళ్ళో ఆమె అరచెయ్యి ముందుకీ వెనక్కీ ఆడుతోంది, కడ్డీ లేకుండానే. ఉన్నట్టుండి లేచింది.

"వెయ్యి అయింటాదక్కా. తిప్పాల."

"ఇంకేం తిప్పుతావే పిచ్చిదానా," అని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది. కొళాయి దగ్గర చేతులు కడుక్కొని, చుట్టాలను దాటుకుంటూ లోపలికి పోయి, సొన్నప్ప కింది చీర కొస పట్టుకుంది.

"ఏయ్, ముట్టుకోవద్దు! స్నానం అయింది!" అని అరిచింది హనుమక్క.

"నువ్వు నోరు మూసుకో అత్తా," అన్నాడు తిరుపాలు. లేచి వచ్చి, చీర రెండో కొస తాను పట్టుకున్నాడు.