మగ్గం గుంతలో కాళ్ళు

ఈనాటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో కాళ్ళు చాపుకుని కూర్చోవడం కూడా ఒక భోగమే. ఆకలి వేసిందంటే ఎవరో ఒకరు పిలిచి ఇంత పెట్టేవారు. కాళ్ళు చాపుకునే వీలు లేదని ఏడ్చే కోడలి మీద మాత్రం ఎవరికీ జాలి ఉండేది కాదు. చౌటుప్పల్ పక్కనున్న మా పల్లె నుంచి పోచంపల్లికి కోడలిగా వచ్చేనాటికి నాకు పదిహేడేళ్ళు. పుట్టింట్లో ఏ గోడ దొరికితే ఆ గోడకు వీపు ఆనించి, రెండు కాళ్ళూ బారజాపుకుని, వేయించిన చింతగింజలు బుగ్గన పెట్టుకుని పొద్దు గడిపినదాన్ని. ("గీ పిల్లను ఇచ్చేటప్పుడు పిల్లగాన్ని గాదు, ఆ ఇంట్ల గోడలు సూడాలె" అనేది మా అవ్వ.) అత్తగారింట్లో గోడలకేమీ లోటు లేదు. కానీ మామ ఎదుట కోడలు కాళ్ళు చాపకూడదు. ఆయన మగ్గమేమో నడింట్లోనే. పొద్దున కూర్చుంటే సాయంత్రందాకా ఆయన అక్కడే.

మా ఆయన మగ్గం ఇంటి వెనక పంచలా దించిన సాయబానులో ఉండేది. ఆ రెండు మగ్గాలకూ సరిపడా కండెలకు నూలు చుట్టడం అత్తకూ నాకూ పని. చెరో రాట్నం ముందు మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళం. మేం ఎన్ని కండెలు చుట్టినా మగ్గాలకు చాలేవి కావు. పొద్దు వంగేసరికి నా కాళ్ళు నావి కానట్టుండేవి. లేచి నాలుగడుగులు వేస్తే గానీ అవి నన్ను గుర్తుపట్టేవి కావు. పైగా మామ నాతో మాట్లాడేవాడు కాదు, నేను ఆయనతో మాట్లాడకూడదు. మధ్యలో అత్త ఉండాలి. చేతికందేంత దూరంలో నేనే ఉన్నా "మంచినీళ్ళు తెమ్మను" అని మామ అత్తతో అనేవాడు. "నీళ్ళు తేవాల్నట" అని అత్త నాతో అనేది. నేను తెచ్చి అత్తకిస్తే ఆమె ఆయనకిచ్చేది. ఆ నీళ్ళు ఆయన గొంతులో పడేలోగా మా ముగ్గురికీ అలసట వచ్చేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మామ తిని, బీడీ తాగడానికి పక్క సందులోని తన ఈడువాడి దగ్గరికి వెళ్ళాడు. మగ్గం గుంతలో ఖాళీ కండెలు పడ్డాయి, ఏరుకురమ్మని అత్త నన్ను పంపింది. నేత మనిషి నేల మీద పీట వేసుకుని కూర్చుని కాళ్ళు ఆ గుంతలోకి దించి చెక్కలు తొక్కుతాడు కదా, ఆ గుంత అన్నమాట. దిగాను. బయట రాళ్ళు పగిలే ఎండ. లోపల మన్ను చల్లగా, కొంచెం తడిగా ఉంది. పైకెక్కి, మామ కూర్చునే పీట మీద కూర్చుని, కాళ్ళు లోపలికి జార్చి ముందుకు చాపాను. ఎంత చాపినా అందులో జాగా ఉంది. పైన చూసేవాళ్ళకు నడుము దాకా ఒద్దికైన కోడలే కనిపిస్తుంది. నా బతుకులో అంత సుఖం అప్పటిదాకా ఎరగను. సిగ్గు విడిచి చెబుతున్నాను, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇక అప్పటినుంచి రోజూ మామ బీడీకి వెళ్ళడం, నేను కండెలు ఏరడానికి వెళ్ళడం. (లేని కండెలు ఎంతసేపని ఏరతాం? అత్త ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు.) ఆ అరగంట కోసమే పొద్దున లేచేదాన్ని. అలా ఒకరోజు చల్లదనానికి కళ్ళు మూతలు పడి, నేసిన గుడ్డ మీదే తల ఆనించి నిద్రపోయాను. లేచేసరికి మామ గడపలో నిలబడి ఉన్నాడు. అత్త పరుగున వచ్చింది. మామ పీట మీద కోడలు కూర్చుని నిద్రపోయిందని ఊరంతా తెలుస్తుంది, మా నాయినకు కబురు పోతుంది, నన్ను తీసుకుపొమ్మంటారు అనుకున్నాను. అన్నిటికన్నా ముందు నా అరగంట పోతుందనిపించింది.

"ఏం జేస్తుందట గా జాగల?" అని మామ అత్తనడిగాడు. ఆమె నన్నడిగింది. నిద్రమత్తులో ఉన్నదున్నట్టు ఆమె చెవిలో చెప్పాను. "కాళ్ళు గుంజుతున్నయత్తా. జర సాపుకుందామని కూసున్న." అత్త నా ముఖం చూసింది. చెంప మీద గళ్ళు గళ్ళుగా గుడ్డ అచ్చు పడి ఉందట. గబుక్కున నా కొంగు ముందుకు లాగి చెంప కప్పేసి, మామ వైపు తిరిగి, "మగ్గం నేర్సుకుంటదట" అంది.

మామ గుడ్డ దగ్గరికి వచ్చి, నా తలనూనె అంటిన మరకను బొటనవేలితో రుద్ది చూశాడు. "గీ మరక నేర్సుకున్నదేనా?"

"తల వంచి పోగులు సూసినట్టున్నది. మనసైందట, నేర్పరాదా?"

కాదు, నాకు అలాంటి మనసేదీ లేదు అని చెప్పాలనే ఉంది. కానీ ఆ మాట కూడా అత్త ద్వారానే చెప్పాలి కదా.

మర్నాడే పాఠం మొదలైంది. నేను పీట మీద, మామ అటు, అత్త మధ్యలో. "కుడికాలు తొక్కుమను" అని మామ, "కుడికాలు తొక్కాల్నట" అని అత్త. ఆ మాట నాదాకా వచ్చేలోపు నేను ఎడమకాలు తొక్కేసేదాన్ని. పోగుల మధ్య అటూ ఇటూ ఉరకాల్సిన నాడె ఎగిరిపోయి అత్త కాలికి తగిలింది. "నాడె అట్ల ఇసరొద్దని జెప్పు" అన్నాడు మామ. "తాకింది నాకైతే దానికేం జెప్పాలె" అంటూ అత్త కాలు పట్టుకుని కూలబడింది.

నెల గడిచేసరికి చెయ్యి తిరిగింది. మామ నేను నేసిన గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, మొదటిసారి నా వైపే తిరిగి, "మంచిగున్నది బిడ్డా" అన్నాడు. పొంగిపోయాను. తిక్కదాన్ని. ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం మగ్గం నాకొదిలి, ఆయన చూరు కింద మంచం వేయించుకుని రెండు కాళ్ళూ చాపుకుని పడుకునేవాడు. నేను దొంగిలించిన అరగంట ఆయనకు మూడు గంటలై దక్కింది. నాకు దక్కింది తొక్కుడు. అత్త గతి ఇంకా అన్యాయం. ఇద్దరం చుట్టే కండెలు ఒక్కతే చుట్టాలి. "ఏం జెప్పాల్నో తోచక ఒక్క మాటంటి. అది నా మెడకే సుట్టుకున్నది" అని రాట్నానికి చెప్పుకునేది.

ఒక మధ్యాహ్నం మామ గురక వినిపిస్తుండగా అత్త రాట్నం ఆపి, "జర జరుగు" అంటూ వచ్చి నా పక్కన ఇరుక్కుని, గుంతలోకి కాళ్ళు దించింది. మగ్గం చప్పుడు ఆగితే మామ లేస్తాడు. అందుకని ఆమె పాదాలు తొక్కకుండా సందు చూసుకుంటూ చెక్కలు తొక్కుతూనే ఉన్నాను. పగుళ్ళు పడ్డ ఆ మడమలు గుంత చీకట్లో మెల్లగా ముందుకు సాగాయి. అత్త కళ్ళు మూసుకుంది.

"నేను కోడలుగొచ్చిన కాణ్ణుంచి గీ గుంతను సూస్తనే ఉన్ననే" అంది. "దిగెటందుకు ధైర్నం రాకపాయె."

తొక్కుతూ కూర్చున్నాను. ఆ రోజు నేత బాగా వంకరపోయింది, సాయంత్రం విప్పి మళ్ళీ నేశాను.

అత్తామామలు పోయి చాలా ఏళ్ళయింది. గుంత పూడ్చి బండలు పరిపించాం. నా కోడలు నా ఎదుటే కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. చాపుకోమని నేనే చెప్పాను, చూస్తుంటే హాయిగా ఉంటుంది. నేనూ చాపుకుంటాను. కానీ వాకిట్లో మగమనిషి చెప్పుల చప్పుడైతే చాలు, నొప్పుల మోకాళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. "ఎవలనుకున్నవే, నేనేనాయె" అంటాడు మా ముసలాయన. అవును కదా అని నవ్వుకుని మళ్ళీ చాపుకుంటాను. రెండూ ఒకేసారి మాత్రం కాదు. ముందు ఒకటి చాపి, గడప వైపు ఓసారి చూసి, కాసేపాగి రెండోది.