అమ్మమ్మ బొట్టు పెట్టిన విమానం బిళ్ళ

మా చిన్నతనంలో... మా అమ్మమ్మ శుక్రవారం శుక్రవారం ఒక యుద్ధ విమానానికి బొట్టు పెట్టేది.

నవ్వకండి. రెడ్డిగూడెంలో ఆవిడ ఇంట్లో, దేవుడి గూట్లో లక్ష్మీదేవి పటం పక్కన ఒక నాణెం ఉండేది. మా మావయ్య మిలటరీలో విమానాల మెకానిక్కు. అక్కడ ఏదో ఉత్సవం జరిగినప్పుడు గుర్తుగా ఇచ్చారట. రూపాయి బిళ్ళకి రెండింతలుండేది. దాని మీద సూది ముక్కు యుద్ధ విమానం... "ఇది చల్లగా ఉంటే వాడు చల్లగా ఉంటాడే" అనేది అమ్మమ్మ. ఆవిడ లెక్కలో కొడుకు ప్రాణం అందులోనే ఉంది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. వేసవి సెలవులు. అమ్మమ్మ మామిడి తోటల్లో కూలికి వెళ్తూ నన్నూ వెంట తీసుకెళ్ళేది. ఒకరోజు ఎవరూ చూడకుండా ఆ బిళ్ళని గౌను జేబులో వేసుకుపోయాను... తోటలో పిల్లల దగ్గర గొప్పలు పోదామని. చూపించాను. చూపించి ఊరుకున్నానా? "మా మావయ్య విమానం ఎగురుతుంది చూడండి" అని పైకి విసిరాను.

అది వెళ్ళి, వరిగడ్డి పరిచి కాయలు లోడు చేస్తున్న లారీలో పడింది.

అప్పుడే అరిచి ఉంటే మనుషులు వెతికేవాళ్ళు. అమ్మమ్మ పది అడుగుల దూరంలోనే కాయలు ఏరుతోంది. తిడుతుందని నోరు మెదపలేదు. సాయంత్రం లారీ వెళ్ళిపోయింది... ఏ ఊరికో కూడా తెలియదు.

శుక్రవారం వచ్చింది. అమ్మమ్మ గూడంతా వెతికింది. బియ్యం డబ్బా, ట్రంకు పెట్టె, పరుపు కింద...

"నువ్వేమన్నా తీశావా అమ్మా? తీస్తే చెప్పు, ఏమీ అననులే."

"నాకు తెలీదు అమ్మమ్మా."

ఆ పై వారమే కబురొచ్చింది. మావయ్య వెళ్తున్న జీపు కొండ దారిలో తిరగబడిందట. ఆ బిళ్ళకీ దీనికీ ఏ సంబంధమూ లేదని అందరూ చెప్పారు. అమ్మమ్మ వినలేదు.

"బిళ్ళ పోకముందు శుక్రవారం జొరమొచ్చి నేను లేవలేదు. బొట్టు పెట్టలేదు. అందుకే అది వెళ్ళిపోయింది, నా కొడుకునీ తీసుకుపోయింది" అని పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పి ఏడ్చింది. నేను ఆవిడ పక్కనే కూర్చుని వింటూ ఉన్నాను.

ఆ మాట పన్నెండేళ్ళు చెప్పింది. నేను పెద్దదాన్నయ్యాను, డిగ్రీ చదివాను. మావయ్య చావుకి నా దొంగతనం కారణం కాదని నాకు అర్థమైంది. ఆ బిళ్ళ ఆవిడ తప్పు వల్ల పోలేదని చెప్పగలిగే మనిషిని మాత్రం నేనొక్కదాన్నే... చెప్పలేదు.

నూజివీడు ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని మళ్ళీ అదే. "ఆ రోజు ఎట్టాగొట్టా లేచుంటే వాడు బతికేవాడే." నోటిదాకా వచ్చింది. "పడుకో అమ్మమ్మా" అన్నాను. మర్నాడు పోయింది.

ఎంత పిరికిదాన్నో చూడండి.

మా రోజుల్లో దెబ్బల భయానికి తప్పులు దాచేవాళ్ళం. ఇప్పటి పిల్లలు నయం. మొన్న మా అమ్మాయి నా ఫోను పగలగొట్టి, తనే వచ్చి "నేనేనమ్మా" అంది. దగ్గరకు తీసుకుని ఏడ్చేశాను... పాపం, అది బిత్తరపోయింది.

మీకూ ఇలాంటిది ఏదైనా మిగిలి ఉంటే, వినాల్సిన మనిషి ఇంకా ఉంటే... కామెంట్లలో నాకు చెప్పకండి. లేచి వెళ్ళి వాళ్ళకి చెప్పండి.