జర అడ్జస్ట్ కాండి

కోదాడలో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. ఇన్నేళ్ల నుంచి ఒకే ఒక్క క్రియాపదం నా ప్రాణం తీస్తోంది. పాఠంలో వచ్చినప్పుడల్లా బోర్డు మీద 'అడ్జస్ట్' అని రాసి, పుస్తకంలో ఉన్న అర్థమే చెబుతాను. సరిగ్గా కుదిరేలా సవరించడం. సైకిల్ సీటు సవరిస్తాం, గడియారం ముల్లు సవరిస్తాం, జారిన కళ్లజోడు సవరిస్తాం. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. ఈ మాట మీ ఇళ్లల్లో ఎప్పుడు వాడతారో చెప్పమని ఒకరోజు అడిగాను. ఒక్కరూ సైకిల్ ఊసెత్తలేదు.

"చుట్టాలొస్తే మా అమ్మ అంటది మేడమ్" అంది ఒక అమ్మాయి.

"ఎవరితో?"

"నాతోనే మేడమ్."

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

మా ఇల్లు సూర్యాపేటలో. రోజూ బస్సులో కోదాడ పోయి వస్తాను. ముగ్గురు కూర్చునే సీటు దగ్గరకు నాలుగో మనిషి వచ్చి "జర అడ్జస్ట్ కాండి మేడమ్" అంటుంది. కిటికీ దగ్గర కాళ్లు బార్లా చాపుకున్న పెద్దమనిషిని అనదు. పక్క సీటులో సంచిని మహారాణిలా కూర్చోబెట్టుకున్న ఆమెను అనదు. నన్నే అంటుంది. కారణం, ఇందాక ఇంకొకరు అడిగితే జరిగింది నేనే. జరిగే మనిషెవరో మన జనం ఒక్క చూపులో పసిగడతారు. మోకాళ్లు దగ్గర పెట్టుకుని, బ్యాగు ఒళ్లోకి తీసుకుని, సగం సీటు మీద, సగం గాలిలో మునగాల దాకా పోతాను. అక్కడ దిగేవాళ్లు దిగితే నడుము నిటారుగా పెట్టుకుంటాను.

బడిలో అడుగుపెట్టగానే హెడ్మాస్టరు గారు. "ఇవాళ లెక్కల మేడమ్ రావట్లేదండీ, ఆ రెండు పీరియడ్లు మీరు కొంచెం అడ్జస్ట్ అవ్వండి." స్టాఫ్ రూములో పేపరు చదువుతున్న ఇద్దరు మాస్టర్లకు ఆ మాట వినపడదు.

ఈ విద్య నేను మిర్యాలగూడలో నేర్చుకున్నాను. రైసు మిల్లు వెనక సందులో రెండు గదుల ఇల్లు మాది. ఎవరొచ్చినా మా అమ్మ ముందు నా పక్కే చుట్టేది. "నువ్వు పెద్దదానివి, జర అడ్జస్ట్ కా" అనేది. పెద్దదాన్నయితే మంచం నాకే రావాలి కదా అని అప్పుడు అడగడం తెలియలేదు. ఇప్పుడు తెలుసు గానీ అడగడానికి అమ్మ లేదు.

ఈ ఏడు మార్చిలో మా ఆయన అక్క మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసింది. సూర్యాపేటలో పెళ్లి ఉంది, ఎనిమిది మంది వస్తున్నాం అంది. పెళ్లివాళ్లు లాడ్జిలో రూములు ఇచ్చారట కూడా.

"తమ్ముని ఇల్లుండంగ లాడ్జిల దిగుతమా? నలుగురు ఏమంటరు? నీకే నామోషి" అంది.

"బిడ్డకు పరీక్షలున్నయి వదినా. సోమవారం లెక్కలు."

"సదువుకోనియ్యి, మేమేమన్న అడ్డమొస్తమా? మూడు రోజులు జర అడ్జస్ట్ అయితే అయిపాయె."

నా కూతురు ఇంటర్ మొదటి ఏడు లెక్కల్లో తప్పింది. ఆ పేపరూ, ఈ ఏటిదీ రెండూ ఇప్పుడు రాయాలి. ఈసారి కూడా పోతే ఇక చదవనని తనే చెప్పింది. ఏడ్చి చెప్పి ఉంటే బుజ్జగించేదాన్ని, అన్నం తింటూ మామూలుగా చెప్పింది. మాకున్నవి రెండు గదులు, ఒక హాలు. అందులో ఒక గదిలో దాని బల్ల, గోడనిండా దాని సూత్రాలు. ఇవన్నీ తెలిసిన నేను ఫోన్‌లో ఏమన్నాను? "సరే వదినా, రాండి" అన్నాను. ఫోన్ పెట్టేసి కూతురితో "మూడు రోజులే గదరా, జర అడ్జస్ట్ కా" అన్నాను. అది పుస్తకాలు సర్దుకుంది.

శుక్రవారం వాళ్లు దిగారు. దాని బల్ల మీద పట్టుచీరల సంచులు, సూత్రాలు రాసుకున్న గోడకు చొక్కాలు. హాలులో టీవీ, వంటింట్లో ఆపకుండా చాయ్.

శనివారం సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి అది మేడ మెట్ల మీద, చెప్పుల మధ్య కూర్చుని లెక్కలు చేస్తోంది. నా వెనకే సిగరెట్ తాగొచ్చిన వదిన భర్త మెట్లెక్కుతూ "జర జరుగు బిడ్డా, అడ్జస్ట్ కా" అన్నాడు. అది తలెత్తలేదు. మోకాళ్లు దగ్గర పెట్టుకుంది, పుస్తకం ఒళ్లోకి తీసుకుంది, గోడకు ఒత్తుకుంది. బస్సులో నేను జరిగేది అచ్చం అలాగే.

నేరుగా దాని గదిలోకి పోయాను. వదిన మంచం మీద నడుం వాల్చింది.

"వదినా, లేవండి. ఈ గది నా బిడ్డకు కావాలె. మీరు హాల్ల పండుకోండి, లేకుంటె లాడ్జిల రూములు ఉండనే ఉన్నయి."

ఆమె లేచి కూర్చుని నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "గిదేం మాట? ఒక్క రోజుకు అడ్జస్ట్ గాకపోతవా?"

"కాను."

హాలులో టీవీ ఎవరో కట్టేశారు. మా ఆయన గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు. అతని వెనక నుంచి నా కూతురి గొంతు వినపడింది.

"అమ్మా, వద్దులే. నేను అడ్జస్ట్ అయిత."

అంత నెమ్మదిగా, అంత మంచిగా చెప్పింది. దాంతో వదిన మీద కోపం పోయింది. ఆ పిల్లకు అంత మంచితనం నేర్పిన మనిషి మీద వచ్చింది.

సంచులు ఎవరినీ ఎత్తమనలేదు. ఒక్కొక్కటే నేనే హాలులోకి మోసి, బల్ల తుడిచి, గోడకున్న చొక్కాలు తీసి, దాన్ని లోపలికి పిలిచి తలుపు వేశాను.