చివరి కుళాయి

నీళ్ళు పరీక్షించే ఆమెకు తేటనీటి మీద నమ్మకం లేదు. గాజుగొట్టంలో మందుచుక్క పడ్డాక నీళ్ళు చామంతిరంగు తిరిగితేనే ఆమె ముఖం విచ్చుకుంటుంది. తిరగకపోతే క్లోరిన్ అంతదూరం చేరలేదని అర్థం. ట్యాంకు దగ్గర పట్టుకుంటే చాలని పై అధికారి చెబుతున్నా, ఆమె పైపు వెంట ఎండలో నడిచి చిట్టచివరి ఇంటి కుళాయి కిందే వంగుతుంది. ఈరోజు ఆ ఇల్లు, కొత్తగా అద్దెకు దిగిన ఆమె సొంత అక్కది. నీళ్ళు రంగు మారలేదు. ‘తాగరాదు’ అని కాగితం మీద రాసి, కుళాయికి ఎర్రగుడ్డ కట్టింది.

“ఊరంతా వదిలేసి నా కొంపే దొరికిందటే నీకు? ఇంట్లో పసిపిల్ల ఉంది,” అంది అక్క.

“పిల్ల ఉందనే కట్టానక్కా. నీదాకా మంచినీళ్ళొస్తే అందరికీ వచ్చినట్టే.”

అక్క తలుపు వేసుకుంది. సాయంత్రం చెల్లెలు తన ఇంటి నీళ్ళబిందె చంకనెత్తుకుని ఆ తలుపు ముందుకే వచ్చింది. బిందెలోని నీళ్ళను గొట్టంలో పోసి, పసుపు తిరిగేదాకా చూసి, అప్పుడుగాని తలుపు తట్టలేదు.